ఎడారిలో తెల్ల పావురం

అరిజోనా అనగానే మనవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది గ్రాండ్ కాన్యన్. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, న్యూజెర్సీ నుంచి స్నేహితులు దిగినా ఫీనిక్స్‌లో ఉన్న మా కార్లన్నీ ఉత్తరం వైపుకే తిరుగుతాయి. దారిలో సెడోనా ఎర్రకొండలు, రాత్రికి ఫ్లాగ్‌స్టాఫ్‌లో బస, మర్నాడు కాన్యన్ అంచున ఫోటోలు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

ఈసారి మాత్రం దక్షిణానికి వెళ్ళి చూడమని మీ అందరికీ నా సలహా. ఫీనిక్స్ నుంచి రెండు గంటలు ప్రయాణిస్తే టూసాన్ వస్తుంది. అది దాటి ఇంకో పది మైళ్ళు వెళ్ళాక, కుడిచేతి వైపు మైదానంలో ఒక తెల్లటి కట్టడం కనిపిస్తుంది. చుట్టూ గోధుమరంగు నేల, ముళ్ళ చెట్లు, వెనక నీలం కొండలు, మధ్యలో ఎవరో ముగ్గు చిప్ప బోర్లించినట్టు అదొక్కటే తెలుపు. ఇక్కడివాళ్ళు ముద్దుగా ‘ఎడారి తెల్ల పావురం’ అంటారు. అసలు పేరు మిషన్ సాన్ హవియేర్ డెల్ బాక్.

1783లో కట్టడం మొదలై 1797లో పూర్తయిన చిన్న చర్చి ఇది. 1797 అంటే జార్జ్ వాషింగ్టన్ ప్రెసిడెంటు పదవి నుంచి దిగిపోయిన ఏడాది. అప్పుడు హైదరాబాదులో నిజాం అలీఖాన్ రాజ్యం చేస్తున్నాడు. అరిజోనా అప్పటికి అమెరికాలో భాగమే కాదు, స్పెయిన్ సామ్రాజ్యానికి ఉత్తరపు కొస. అలాంటి మారుమూల, ఎండకి రాళ్ళు పగిలే చోట, యూరప్ రాజధానుల్లో ఉండే బరోక్ శైలిలో ఒక గుడి లేచింది. రెండు శతాబ్దాలు దాటినా నిలబడి ఉంది. ఎలా నిలబడిందన్నదే ఈ వ్యాసం.

పేరులో ఉన్న నీళ్ళు

ముందు పేరు సంగతి చూద్దాం. ‘బాక్’ అన్నది ఇక్కడి తొహోనో ఓధామ్ ప్రజల భాషలోని ‘వాక్’ అనే మాటకి స్పానిష్ వాళ్ళు తిప్పుకున్న రూపం. నేలలో ఇంకిపోయిన నీరు మళ్ళీ పైకి వచ్చే చోటు అని అర్థం. పక్కనే ఉన్న సాంతా క్రూజ్ నది కొంత దూరం ఇసుక కింద పారి, ఇక్కడ పైకి తేలేది. నీళ్ళున్న చోట ఊరు, ఊరున్న చోట పొలాలు. తొహోనో ఓధామ్ అంటే ‘ఎడారి మనుషులు’. 1986 దాకా ప్రభుత్వ కాగితాల్లో వీళ్ళని ‘పాపాగో’ అని రాసేవారు. ఆ ఏడాది ఆ పేరు వదిలి తమ సొంత పేరునే అధికారికం చేసుకున్నారు. ఈ చర్చి ఉన్న నేల ఈ రోజుకీ వాళ్ళదే.

మరి ‘సాన్ హవియేర్’ ఎవరు? ఆయన మనకి కొత్తవాడేమీ కాదు, గోవా సెయింట్ ఫ్రాన్సిస్ జేవియరే! 1542లో గోవాలో దిగి, 1552లో చైనా తీరం దగ్గర దీవిలో కన్నుమూశాడు. ఆయన భౌతికకాయం పాత గోవాలోని బామ్ జీసస్ బసిలికాలో ఉంది. మనలో చాలామంది హనీమూన్‌కో, కాలేజీ టూరుకో గోవా వెళ్ళినప్పుడు చూసే ఉంటారు.

ఆయన పేరు ఇక్కడికి తెచ్చినవాడు యుసేబియో కీనో అనే జెసూట్ మతగురువు. పుట్టింది ఇప్పటి ఇటలీ ఉత్తర ప్రాంతంలో. కుర్రవాడిగా ఉన్నప్పుడు పెద్ద జబ్బు చేస్తే సెయింట్ జేవియర్‌కి మొక్కుకున్నాడట, తగ్గాక తన పేరులో ‘ఫ్రాన్సిస్కో’ కలుపుకున్నాడు. జేవియర్‌లాగే తూర్పు దేశాలకి వెళ్ళాలని ఆయన కోరిక. కానీ చీటీలు వేస్తే ఆయనకి మెక్సికో వచ్చింది. 1692లో వాక్ అనే ఈ ఊరికి గుర్రం మీద వచ్చి, తనకిష్టమైన సెయింట్ పేరు పెట్టాడు. తూర్పుకి పోలేని మనిషి తూర్పున పేరుపొందిన సెయింట్‌ని పడమటికి తెచ్చుకున్నాడన్నమాట.

అప్పు చేసి గుడి

కీనో 1700లో ఒక చర్చికి పునాదులు వేశాడు గానీ, ఇప్పుడు మనం చూసేది అది కాదు. ఈలోగా చాలా జరిగాయి. 1751లో స్పానిష్ పెత్తనం మీద ఓధామ్‌లు తిరగబడ్డారు. బయటినుంచి వచ్చిన రోగాలు ఊళ్ళకి ఊళ్ళని ఖాళీ చేశాయి. 1767లో స్పెయిన్ రాజు జెసూట్‌లని తన రాజ్యాలన్నిటినుంచీ వెళ్ళగొట్టాడు. వాళ్ళ స్థానంలో ఫ్రాన్సిస్కన్‌లు వచ్చారు. ఇదంతా పూలబాట కథ కాదు. మతం మార్చడానికి వచ్చినవాళ్ళకీ, ఇక్కడి మనుషులకీ మధ్య నడిచిన చరిత్రలో కష్టం ఎక్కువ పడింది ఓధామ్‌లే.

1783లో వెల్దెరైన్ అనే ఫ్రాన్సిస్కన్ గురువు ఒక రైతు దగ్గర 7,000 పెసోలు అప్పు తీసుకుని పని మొదలుపెట్టాడు. తాకట్టు పెట్టడానికి ఆయన దగ్గర పొలంలో ఇంకా పండని పంట తప్ప ఏమీ లేదని చెబుతారు! పని సగంలో ఉండగా 1790లో ఆయన పోయాడు. ల్యోరెన్స్ అనే గురువు పూర్తిచేశాడు. మేస్త్రీగా ఇగ్నాసియో గవోనా పేరు చెబుతారు. ఇటుకలు కాల్చినవి, సున్నం కలిపినవి, గోడలు ఎత్తినవి ఎక్కువగా ఓధామ్‌ల చేతులే. ఈ ప్రాంతంలో అప్పటి చర్చిలు చాలావరకు పచ్చి ఇటుకలవి, పైన దూలాలు. ఇది మాత్రం కాల్చిన ఇటుకలతో, కప్పు కూడా గుమ్మటాలుగా కట్టినది. నడిమధ్య గుమ్మటం ఎత్తు 52 అడుగులు.

దూరంనుంచి చూడగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: “ఒక గోపురానికి టోపీ ఉంది, ఇంకోదానికి లేదేం?” నిజమే, తూర్పు గోపురం పైభాగం ఎన్నడూ పూర్తికాలేదు. మేస్త్రీ పైనుంచి పడి చనిపోయాడని ఒక కథ. పూర్తయిన కట్టడం మీదే పన్ను కాబట్టి కావాలనే వదిలేశారని ఇంకో కథ. డబ్బు అయిపోయిందన్నది చరిత్రకారులు ఎక్కువగా నమ్మే మాట. ఇల్లు కట్టించిన అనుభవం ఉన్నవాళ్ళెవరికైనా ఈ మూడోదే నిజమనిపిస్తుంది.

నాటకశాలలాంటి గుడి

బరోక్ అంటే పదిహేడో శతాబ్దంలో ఇటలీలో విరబూసిన కళాశైలి. వంకర ముత్యం అనే అర్థమున్న పోర్చుగీసు మాటనుంచి వచ్చిందంటారు. తిన్నని గీత కనబడితే దాన్ని మెలితిప్పడం, ఖాళీ కనబడితే నింపడం, చూసేవాడు నోరు తెరవాలని కోరుకోవడం ఈ శైలి లక్షణాలు. మన గోపురాల మీద బొమ్మ పక్కన బొమ్మ చూసి పెరిగిన కళ్ళకి ఈ నిండుదనం పరాయిగా తోచదు.

ముఖద్వారం చుట్టూ చెక్కడాల్లాంటి అలంకారమంతా ఇటుక, సున్నం పనే. పిల్లలూ, ద్వారం ముందు నిలబడి పైకి చూడండి. రెండు పక్కలా చుట్ట తిరిగిన మెలికలుంటాయి. ఒకదాని మీద పిల్లి, రెండోదాని మీద ఎలుక, ఒకదానినొకటి చూసుకుంటూ ఉంటాయి. పిల్లి ఎలుకని పట్టుకున్న రోజున లోకం అంతమైపోతుందని ఇక్కడి నానుడి. రెండు వందల ఏళ్ళుగా ఎలుక క్షేమంగా ఉంది కాబట్టి మన హోంవర్కూ తప్పదు.

లోపల అడుగుపెడితే ఎండనుంచి వచ్చిన కళ్ళకి మొదట ఏమీ ఆనదు. నెమ్మదిగా రంగులు తేరుకుంటాయి. ఎరుపు, నీలం, బంగారం, దేవదూతలు, తెరలు, పూలకుండీలు. ఇక్కడే అసలు తమాషా ఉంది. ఎడారి అంచున పాలరాయి దొరకదు, పింగాణీ పలకలూ దొరకవు. అందుకని పాలరాయిలా, పలకల్లా గోడమీద రంగులతో వేసేశారు. ఒక పక్క నిజం తలుపుంటే, ఎదురుగా దానికి జోడీగా బొమ్మ తలుపు వేశారు. గుడ్డ మడతల్లా వేలాడే తెరలు కూడా సున్నంతో చేసినవే. పీఠం వెనక నేలనుంచి పైదాకా లేచిన అలంకారం మెక్సికోలోనైతే కొయ్యతో చేసి బంగారు రేకు తాపడం చేస్తారు. ఇక్కడ అదీ ఇటుక మీద సున్నంతో మలిచినదే. లేమిని కళ దాచిపెట్టిందని కొందరంటారు. లేమినుంచే ఈ కళ పుట్టిందని నాకనిపించింది.

ఎడమవైపు చిన్న మందిరంలో సెయింట్ జేవియర్ పడుకుని ఉన్న విగ్రహం ఉంటుంది. భక్తులు వరసలో నిలబడి, విగ్రహం తల కింద చెయ్యి పెట్టి మెల్లిగా పైకి లేపుతారు. తల లేస్తే మనసు నిర్మలంగా ఉన్నట్టు. కప్పిన దుప్పటికి చిన్నచిన్న లోహపు చేతులు, కాళ్ళు, గుండెలు పిన్నులతో గుచ్చి ఉంటాయి. మధ్యలో పసిపిల్లల ఫోటోలు, ఆసుపత్రిలో చేతికి కట్టే ప్లాస్టిక్ పట్టీలు. మా అమ్మ అవి చూడగానే, “మన దగ్గర వెండి కళ్ళు సమర్పించినట్టే కదరా!” అంది. వివరంగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

నీరే శత్రువు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 1821లో మెక్సికో స్వతంత్రమైంది. తరవాత కొన్నేళ్ళకి స్పెయిన్‌లో పుట్టిన గురువులని పంపేశారు. 1837 తరవాత ఇక్కడ నివాసం ఉండే గురువు లేకుండా పోయాడు. ఆ దశాబ్దాల్లో చర్చి సామగ్రిని ఊళ్ళోవాళ్ళే తమ ఇళ్ళలో దాచి కాపాడారు. 1854లో అమెరికా ఈ నేల కొనుక్కుంది. 1887 మే నెలలో సొనోరాలో వచ్చిన భూకంపం కట్టడాన్ని దెబ్బతీసింది. 1900ల తొలి దశాబ్దంలో పెద్ద మరమ్మతు జరిగింది. 1939లో పిడుగు పడి పడమటి గోపురం శిఖరం దెబ్బతింది.

ఇన్ని తట్టుకున్న గోడలకి ముప్పు తెచ్చింది మనం ఊహించని వస్తువు, సిమెంటు! ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో బయటి గోడలకీ, గుమ్మటాలకీ సిమెంటు పూత వేశారు. గట్టిదనీ, ఎక్కువకాలం ఉంటుందనీ మంచి ఉద్దేశంతో చేసిన పనే.

పిల్లలకి అర్థమయ్యేలా చెబుతాను. ప్లాస్టిక్ రెయిన్‌కోట్ వేసుకుని ఎండలో పరిగెత్తితే ఏమవుతుంది? బయటి వాన లోపలికి రాదు, నిజమే. లోపలి చెమట బయటికి పోదు. కాసేపటికి చొక్కా తడిసి ముద్దవుతుంది. ఇటుక, సున్నం గోడ ఊపిరి తీసుకునే గోడ. తడి లోపలికి పోతుంది, ఎండకి మళ్ళీ బయటికి వచ్చేస్తుంది. సిమెంటు అలా కాదు. బిగదీసుకుని ఉంటుంది, ఎండకీ చలికీ మెత్తటి సున్నపు గోడతో కలిసి కదలదు, సన్నగా పగులుతుంది. పగులులోంచి నీరు లోపలికి పోతుంది, తిరిగి వచ్చే దారి ఉండదు. ఆ తడి గోడలో ఉన్న ఉప్పుని కరిగించి లోపలి వైపుకి మోసుకుపోతుంది. అక్కడ ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలుగా మారి రంగుల పొరని వెనకనుంచి తోస్తుంది. రెండు వందల ఏళ్ళనాటి దేవదూత బుగ్గ పొడిపొడిగా రాలిపోతుంది.

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదట చెప్పే మాట ఒకటుంది: ఏళ్ళ తరబడి నడుస్తున్న పాత సిస్టమ్ మీద చెయ్యి వేసేముందు, అది ఎందుకు నడుస్తోందో తెలుసుకో. ఆ మాట ఇటుక గోడకి కూడా వర్తిస్తుందని నేను ఇక్కడే చూశాను.

1978లో టూసాన్ పౌరులు కొందరు కలిసి ‘పత్రోనాతో సాన్ హవియేర్’ అనే సంస్థ పెట్టారు. చర్చి కట్టడాన్ని కాపాడటమే దాని పని, ఏ మతంవాళ్ళయినా చేరవచ్చు. టూసాన్‌కి చెందిన ఒక తాపీమేస్త్రీల కుటుంబం సిమెంటు పూతని జాగ్రత్తగా ఒలిచి, పాత పద్ధతిలో సున్నం, ఇసుక పూత వేయడం మొదలుపెట్టింది. అందులో కలిపిన రహస్య దినుసు ఏమిటో తెలుసా? నాగజెముడు! దాని మట్టలు కోసి నీళ్ళలో నానిస్తే, ఉడికిస్తే, బెండకాయ జిగురులాంటిది దిగుతుంది. ఆ జిగురు నీళ్ళు సున్నంలో కలిపితే పూత బాగా పట్టుకుంటుంది, త్వరగా ఎండి పగలదు, వాననీటికి తట్టుకుంటుంది.

గైడ్ ఈ మాట చెబుతుండగా నాన్నగారు గోడమీద చెయ్యి వేసి నిలబడిపోయారు. ఆయన పంచాయతీరాజ్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. “డంగు సున్నం రా ఇది. మనవాళ్ళు బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపేవాళ్ళు. వీళ్ళు జెముడు కలిపారు. ఎవరి ఊళ్ళో దొరికింది వాళ్ళు కలిపారు, అంతే తేడా” అన్నారు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళలో నానబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా తిప్పిన సున్నం అది. 1591లో కట్టిన మన చార్మినార్ మీది పూల పని కూడా సున్నంతో చేసిందే.

పాత గోవాలో సెయింట్ జేవియర్ ఉన్న చర్చి కథ దీనికి తిరగేసినట్టుంటుంది. 1950లలో ఆ బసిలికా బయటి సున్నపు పూతని తీసేశారు. లోపలి లాటరైట్ రాయి మెత్తనిది. అప్పటినుంచి గోవా వానలు నేరుగా ఆ రాయిని తింటున్నాయి. ఒకచోట సరిపడని పూత వేశారు, ఇంకోచోట ఉన్న పూత తీశారు. రెండుచోట్లా దెబ్బతీసింది నీరే.

బ్రష్షు ఎవరి చేతిలో ఉంది?

బయటి గోడలు కుదుటపడ్డాక 1992లో లోపలి బొమ్మల పని మొదలైంది. పాల్ ష్వార్ట్స్‌బామ్ నాయకత్వంలో యూరప్‌నుంచి నిపుణులు వచ్చి, ఏటా కొన్ని నెలల చొప్పున 1997 దాకా పనిచేశారు. కొవ్వొత్తుల మసి, దుమ్ము, పాత మరమ్మతుల పొరలు తుడిచి, ఊడిపోబోతున్న రంగుని మళ్ళీ గోడకి అంటించారు. మసి కింద ఉన్న రంగులు బయటపడ్డాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకోటి. ఆ నిపుణులు పక్కనే ఉన్న ఊళ్ళోని ఓధామ్ యువకులని శిష్యులుగా చేర్చుకుని పని నేర్పారు. వారిలో ఒకరు ఆ తరవాత యూరప్‌లో కూడా అనుభవం సంపాదించి, తిరిగివచ్చి ఇదే చర్చిలో పనిచేశారు. ఎవరి పూర్వీకులు ఇటుకలు మోశారో వాళ్ళ వారసుడి చేతికే బ్రష్షు వచ్చింది. నిపుణులు విమానమెక్కి వెళ్ళిపోతారు. వాన మాత్రం ప్రతి వేసవి చివరా వస్తుంది. పగులు కనబడగానే నిచ్చెన వేసుకుని ఎక్కే మనిషి ఊళ్ళో ఉంటేనే కట్టడం నిలుస్తుంది.

మన ఊళ్ళ సంగతి

ఈ కథ మీకు చెప్పాలనుకోవడానికి ఇంకో కారణం ఉంది. మనలో చాలామందికి ఏటా సొంత ఊరినుంచి ఒక ఫోన్ వస్తుంది. “గుడి పాతబడింది బాబూ, జీర్ణోద్ధారణ చేయిద్దామనుకుంటున్నాం. అమెరికాలో ఉన్నవాళ్ళు మీరు కాస్త పెద్ద చెయ్యి వెయ్యాలి.” వేస్తాం, వెయ్యాలి కూడా. అయితే ఆ డబ్బు దేనికి వెళుతుంది? చాలాచోట్ల సున్నపు గచ్చు మీద సిమెంటు, రాతి స్తంభాల మీద ఎనామిల్ పెయింటు, గర్భగుడి గోడలకి బాత్‌రూమ్ టైల్స్. ప్రారంభోత్సవం నాటికి తళతళలాడుతుంది. నాలుగు వానలకి గోడ చెమ్మ పట్టి, పెచ్చులూడుతుంది. మళ్ళీ ఫోను వస్తుంది.

పల్నాడులో మా ఊరి గుడికీ గత ఏడాది ఇలాంటి అంచనా ఒకటి వచ్చింది. గాలిగోపురం ఇటుక కట్టడం, బొమ్మలన్నీ సున్నంతో చేసినవి. నాన్నగారు కమిటీ పెద్దకి ఫోన్ చేసి ఒకటే అడిగారు: “సున్నం పని తెలిసినవాళ్ళు మన చుట్టుపక్కల ఇంకా ఎవరైనా ఉన్నారా?” వారం రోజులు వాకబు చేశాక పక్క మండలంలో డెబ్భై దాటిన మేస్త్రీ ఒకాయన దొరికారు. ఆ పని తనని ఎవరూ అడిగి ముప్పై ఏళ్ళయిందన్నారట. గోపురం మొత్తం కాకపోయినా, ముందు మండపం పైకప్పు వరకు ఆయన చేత సున్నంతో చేయించి, రెండు వానాకాలాలు చూద్దామని కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు. మేం పంపే చందాకి ఒక్కటే కోరిక జతచేశాం: ఆయన పక్కన ఇద్దరు కుర్రాళ్ళుండాలి, వాళ్ళ కూలి మేం ఇస్తాం. ఎంతవరకు సాగుతుందో చూడాలి. కుర్రాళ్ళలో ఒకడు అప్పుడే టైల్స్ పనిలో రోజుకూలి ఎక్కువ వస్తుందంటున్నాడట!

అందుకే ఈసారి ఫోన్ వచ్చినప్పుడు, చెక్కు రాసేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఆ గోడ దేనితో కట్టారు? ఇప్పుడు దానిమీద ఏం పూయబోతున్నారు? పదేళ్ళ తరవాత పగులు వస్తే బాగుచెయ్యగలవాడు ఊళ్ళో ఎవరు?

వెళ్ళాలనుకునేవారికి

టూసాన్‌నుంచి ఐ-19 మీద దక్షిణంగా వెళ్ళి, సాన్ హవియేర్ రోడ్డు ఎగ్జిట్ తీసుకోవాలి. టిక్కెట్టు లేదు, హుండీలో మీ ఇష్టం. ఇది మ్యూజియం కాదు, ఊరివాళ్ళు ఈ రోజుకీ ప్రార్థన చేసుకునే చర్చి. ఆదివారం ఉదయాలు ప్రార్థనలుంటాయి కాబట్టి చూడటానికి మిగతా రోజులు మేలు. పూజ జరుగుతుంటే ఫోటోలు వద్దు, గుడిలో ఉన్నట్టే మెలగండి. అక్టోబరునుంచి మార్చి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. వేసవిలో వెళితే పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళు మరిచిపోకండి. పక్కన ఉన్న చిన్న గుట్ట ఎక్కితే చర్చి మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది.

బయట తాటాకు పందిళ్ళలాంటి నీడల కింద ఓధామ్ మహిళలు అప్పటికప్పుడు ఫ్రై బ్రెడ్ వేసి అమ్ముతుంటారు. పెద్ద పూరీలా పొంగుతుంది. మా అమ్మాయి తేనె పోసుకుని తింది, అబ్బాయి బీన్స్ వేయించుకున్నాడు. మా అమ్మ మాత్రం పచ్చడి సీసా ఎందుకు తేలేదని నన్ను అడిగింది. మీరు వెళ్ళేటప్పుడు ఆవకాయ మరిచిపోకండి!